బల్ల కూడ ఒక కట్టడమే

హైదరాబాదు నగరమునకు వాయవ్య భాగమున కొండలును, గుండ్లును నిండిన యొక ఎత్తైన ప్రదేశము కలదు. అదియే జూబిలీహిల్సు. ఒకప్పుడు అచ్చట ముండ్లపొదలును, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు బండరాళ్లును కనబడెడివి గాని ఇండ్లు మిక్కిలి అరుదు. పిమ్మట ఒక సహకార గృహనిర్మాణ సంఘము ఏర్పడి, ఆ రాళ్ల నడుమ ఇండ్ల స్థలములను తీర్చెను. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమముగా హైదరాబాదునకు తరలి వచ్చినప్పుడు ఈ ప్రాంతమే దానికి నెలవయ్యెను. 1976లో అన్నపూర్ణా స్టూడియో దీని పొరుగుననే ప్రారంభమయ్యెను. పిమ్మట ఫిలింనగరు ఏర్పడెను. రామానాయుడు స్టూడియో మొదలగునవి అచ్చట వెలసెను.

చలనచిత్రములలో ధనికుల ఇల్లు చూపవలసి వచ్చినప్పుడు విశాలమైన భోజనశాలయు, దాని నడుమ పొడవైన బల్లయు తప్పక కనిపించును. కళాదర్శకుడు ఆ శాలను కొద్ది దినములలో నిర్మింపజేయును. ఆ బల్లను తేలికయైన ప్లైవుడ్డుతో చేసి రంగు వేసినను చాలును. కెమెరా చూచు ముఖము నునుపుగా నుండిన చాలును. చూడని ముఖము ఎట్లున్నను దోషము లేదు. చిత్రీకరణము ముగిసిన మరునాడే దానిని విప్పివేయుదురు. ఇది మోసము కాదు. ఆ కళయొక్క ధర్మమే అట్టిది. క్షణకాలము నిజమువలె కనబడుట దాని పని.

ఆ స్టూడియో ప్రక్క వీధిలోని ఇంటియందలి బల్లకు ఈ వెసులుబాటు లేదు. దానిపై ప్రతిదినము వేడి గిన్నెలు దింపుదురు. పిల్లలు మోచేతులు మోపి వ్రేలాడుదురు. తడిగుడ్డతో మూడు పూటల తుడుతురు. వేసవిలో ఎండుగాలియు, వానకాలములో తేమయు దానిని పరీక్షించును. ఇన్నింటిని సహించి నలుబది, ఏబది యేండ్లు కదలక నిలిచినప్పుడే అది మంచి బల్ల. కనబడుట వేరు, నిలుచుట వేరు. నిలుచు బల్లను రూపొందించుటకు ఇల్లు కట్టుటకు వలసినంత ఆలోచన వలయును. కనుకనే ఇరువదవ శతాబ్దమున గొప్ప గొప్ప వాస్తుశిల్పులు ఇండ్లతో పాటు బల్లలను, కుర్చీలను గూడ స్వయముగా రూపొందించిరి.

మన పూర్వులకు భోజనపు బల్లతో పని లేకుండెను. అలికి ముగ్గు పెట్టిన నేలయే వారికి బల్ల. కూర్చుండుటకు ఒక పీట, వడ్డించుటకు ఒక అరిటాకో విస్తరియో ఉండిన చాలును. పంక్తి ఎంత పెరిగినను నేల చాలకపోవుట లేదు. బల్లపై భుజించు అలవాటు పాశ్చాత్యుల సంపర్కముతో మొదట సంస్థానాధీశుల భవనములలోను, ఉన్నతోద్యోగుల ఇండ్లలోను ప్రవేశించెను. హైదరాబాదునందే ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. నగరమునకు దక్షిణమున కొండపై నున్న ఫలక్‌నుమా భవనమును నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కట్టించుటకు ప్రారంభించెను. తరువాత అది ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖానునకు చేరెను. అందలి భోజనశాలలో 101 మంది ఒకేసారి కూర్చుండదగిన బల్ల నేటికిని ఉన్నది. అది రాజవైభవమును చాటుటకై చేసిన బల్ల.

ఇరువదవ శతాబ్దారంభమున ఐరోపాలోని కొందరు వాస్తుశిల్పులు ఇట్టి వైభవమును ప్రశ్నించిరి. వస్తువు చేయవలసిన పని యేమి? ఆ పనికి చాలినంత పదార్థమెంత? అంతకు మించిన చెక్కడములును, నగిషీలును ఎందులకు? 1919లో వాల్టరు గ్రోపియస్ అను వాస్తుశిల్పి జర్మనీలోని వైమారు నగరమున బౌహౌస్ అను విద్యాలయమును స్థాపించెను. అచ్చట ఇల్లు, దీపము, కుర్చీ, పాత్ర అన్నియు ఒకే దృష్టితో చూడదగినవని బోధించిరి. ఈ మార్గమునకే ఆధునికవాదమని పేరు. అలంకారము లేకపోవుటయే దీని లక్షణమని కొందరనుకొందురు. అది సరికాదు. అలంకారము వెనుక దాగుటకు వీలులేనప్పుడు పనితనమంతయు బయటపడును. సాదా బల్లలో అతుకు వంకరయైనచో దానిని కప్పిపుచ్చు లతయు ఉండదు, పుష్పమును ఉండదు.

బల్లను ఒక కట్టడముగా నెంచి చూడుడు. పైపలక మిద్దె వంటిది. కాళ్లు స్తంభముల వంటివి. పలక క్రింద కాళ్లను కలుపుచు నాలుగు వైపుల నుండు అడ్డపట్టెలు దూలముల వంటివి. పలకపై పెట్టిన బరువు అడ్డపట్టెలకును, వాని నుండి కాళ్లకును, కాళ్ల నుండి నేలకును చేరును. మిద్దె బరువు దూలముల ద్వారా, స్తంభముల ద్వారా పునాదికి చేరుటయు ఇట్లే. పలక మరీ పలుచనైనచో నడుమ క్రుంగును. మరీ దళసరియైనచో కఱ్ఱ వృథా యగుటయే గాక బల్లను జరుపుట కష్టమగును. ఈ రెంటి నడుమ సరియైన కొలతను కనుగొనుటయే శిల్పి నేర్పు.

కట్టడమునకు కొలత మానవ శరీరమే. సామాన్యముగా భోజనపు బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ పీఠము ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండును. నడుమ మిగులు 30 సెంటీమీటర్లలో పలకయు, అడ్డపట్టెయు, కూర్చున్నవాని తొడలును ఇముడవలయును. అడ్డపట్టె వెడల్పైనచో బల్ల దృఢముగా నుండును గాని మోకాళ్లు తగులును. సన్నమైనచో మోకాళ్లు తగులవు గాని బల్ల ఊగును. మోచేతులు కదలించుటకు ఒక్కొక్కరికి 60 సెంటీమీటర్ల చోటు వలయును. కనుక ప్రక్కకు ముగ్గురు చొప్పున ఆరుగురు కూర్చుండు బల్ల 180 సెంటీమీటర్ల పొడవుండవలయును. కాళ్లు ఎచ్చట నిలుపవలయునన్నది మరియొక చిక్కు. మూలలయందు నిలిపినచో బల్ల స్థిరముగా నుండును. లోపలికి జరిపినచో కూర్చుండువారికి సుఖముగా నుండును గాని, అంచుపై ఎవరైన ఆనుకొన్నచో బల్ల ఎత్తిపడును.

బల్లకు ముఖ్యశత్రువు పైనుండి పడు బరువు కాదు, ప్రక్కనుండి వచ్చు త్రోపు. ఇది తెలిసికొనుటకు చిన్న ప్రయోగము చాలును. నాలుగు పుల్లలను చతురస్రముగా అమర్చి మూలలయందు ఒక్కొక్క మేకు కొట్టుడు. ఒక మూలను త్రోసినచో చతురస్రము సమచతుర్భుజముగా ఒరిగిపోవును. మూడు పుల్లలతో త్రిభుజము చేసి త్రోయుడు. అది మారదు. భుజముల పొడవు మారనంతవరకు త్రిభుజము ఆకారము మారదని రేఖాగణితము చెప్పును. కనుకనే అనేక శిల్పులు బల్లకాళ్లను నిట్టనిలువుగా గాక ఏటవాలుగా, వృత్తలేఖిని కాళ్లవలె తెరచి నిలిపిరి. చూచువారికది వేడుకయైన ఆకారము. తెలిసినవారికది త్రిభుజముయొక్క బలము.

ఇక కఱ్ఱ సంగతి. కాంక్రీటువలె కఱ్ఱ జడపదార్థము కాదు. చెట్టును కొట్టి పలకలుగా కోసిన పిదపను అది గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, ఎండకు ఆరి కుదించుకొనును. పోగు సాగిన దిక్కున ఈ మార్పు అత్యల్పము. పోగుకు అడ్డముగా అధికము. హైదరాబాదు వంటి చోట మే నెలలో ఎండిన పలక ఆగస్టు నెలకు వెడల్పగును. అట్టి పలకను అన్నివైపుల మేకులతో బిగించినచో, కదలుటకు చోటు లేక అది చీలిపోవును. అందుచేత ఎఱిగిన వడ్రంగి పలకను చట్రమునకు బిగించుచోట కొంత సందు విడుచును. కాలును పట్టెను కలుపుటకు మేకును నమ్మడు. ఒకదాని కొనను కుసిగా చెక్కి, రెండవదానిలో బెజ్జము తొలిచి, కుసిని బెజ్జములో దిగగొట్టును. టేకు కఱ్ఱలో సహజమైన తైలము ఉండుటచే దాని చేవకు చెదలు త్వరగా పట్టవు. వానకును ఎండకును అది తక్కువగా మారును. ఆదిలాబాదు అడవులు టేకుకు పేరు పొందినవి.

ఇల్లును బల్లయు ఒకే విద్యయని జీవితముచే నిరూపించిన శిల్పి యొకడు గలడు. అతని కథకును మన తెలుగునాటికిని ఒక సంబంధము కలదు. ఫిలింనగరునకు దక్షిణముగా కొద్ది దూరములో కుతుబ్‌షాహీ సమాధులును, వానికావల గోల్కొండ కోటయు ఉన్నవి. ఈ గోల్కొండ పేరు ఫ్రెంచి ఉచ్చారణలో ‘గోల్కొండ్’ అయి, పుదుచ్చేరిలోని ఒక భవనమునకు పెట్టబడినది. శ్రీ అరవిందాశ్రమమున సాధకుల నివాసమునకై ఒక వసతిగృహము నిర్మింపవలెనని అచ్చటి మాతృమూర్తి సంకల్పించినప్పుడు, హైదరాబాదు సంస్థానములో ఉన్నత పదవిలో నుండిన సర్ అక్బర్ హైదరీ నిజాము ప్రభుత్వము నుండి లక్ష రూపాయల విరాళము లభించునట్లు చేసెను. ఆ కృతజ్ఞతచే వజ్రములకు ప్రసిద్ధికెక్కిన గోల్కొండ పేరు భవనమునకు లభించెను.

దానిని రూపొందించినవాడు అంటోనిన్ రేమాండు. ఇతడు బొహీమియాలో జన్మించి, అమెరికా వెళ్లి, పిమ్మట జపానులోని టోక్యో నగరమున స్థిరపడిన వాస్తుశిల్పి. అతని కార్యాలయము నుండి పుదుచ్చేరికి వచ్చి నిర్మాణమును దగ్గర నుండి నడపినవారిలో జార్జి నకషిమా ఒకడు. గోల్కొండ్ భవనమున గాజు కిటికీలు లేవు. ఉత్తర దక్షిణములయందు గోడలకు బదులు వాలుగా తిప్పదగిన పలకలు వరుసలుగా అమర్చబడినవి. వానిని తెరచిన గాలి వచ్చును; మూసిన వాన ఆగును. నేలకు నల్లని కడపరాయి పరచిరి. భక్తులిచ్చిన ఇత్తడి పాత్రలను కరిగించి తలుపుల పిడులను, కీలులను పోసిరి. గదులలోని టేకు సామగ్రిని నకషిమా రూపొందించెను. గది ఎంత సాదాగా నున్నదో, మంచమును బల్లయు అంత సాదాగా నున్నవి. నకషిమా జీవితములో అవి తొలి నమూనాలు.

నకషిమా 1905లో అమెరికాలోని స్పోకేను పట్టణమున జపాను నుండి వలస వచ్చిన కుటుంబములో జన్మించెను. వాస్తుశిల్పమున ఉన్నత విద్య ముగించి, టోక్యోలో రేమాండు వద్ద చేరెను. పుదుచ్చేరిలో పని చేయుచు ఆశ్రమ జీవనమునకు ఆకర్షితుడై, జీతమును విడిచి శిష్యుడయ్యెను. శ్రీ అరవిందులు అతనికి ‘సుందరానంద’ అని నామకరణము చేసిరి. 1939లో అతడు భారతదేశమును విడిచి, జపాను మీదుగా స్వదేశమునకు మరలెను. అచ్చట కొన్ని ప్రసిద్ధ భవనముల నిర్మాణమును చూచి నిరాశ చెందెను. చిత్రము గీయువాడొకడు, కట్టువాడొకడు. ఇరువురి నడుమ పనితనము జారిపోవుచున్నదని అతనికి తోచెను. మొదటి గీత నుండి చివరి చిత్రిక వరకు తన చేతిలో నుండు పని కావలెనని తలచి, అతడు కఱ్ఱపనిని జీవనవృత్తిగా గ్రహించెను.

ఇంతలో గొప్ప ఆపద వచ్చెను. 1941 డిసెంబరులో జపాను పెర్ల్‌హార్బరుపై దాడి చేసెను. 1942లో అమెరికా ప్రభుత్వము తన పశ్చిమతీరమున నివసించు జపాను సంతతివారిని, వారిలో అధికులు అమెరికా పౌరులే యైనను, నిర్బంధ శిబిరములకు తరలించెను. అట్లు ఇండ్లు విడిచినవారు లక్షకు మించిరి. నకషిమా తన భార్యతోను, పసిబిడ్డతోను ఐడహో రాష్ట్రములోని మినిడోకా శిబిరమున నిర్బంధింపబడెను. ఆ శిబిరములోనే గెంటారో హికొగవ అను వడ్రంగి ఉండెను. అతడు జపాను సంప్రదాయమున శిక్షణ పొందినవాడు. పట్టభద్రుడైన వాస్తుశిల్పి ఆ వడ్రంగికి శిష్యుడై, రంపము పట్టుటయు, ఉలి పదును పెట్టుటయు, ఓపికతో అతుకు కుదుర్చుటయు నేర్చెను. మంచి కఱ్ఱ దొరకని ఆ ఎడారిలో పారవేసిన చెక్కముక్కలతోను, ఎండిన పొదల కొమ్మలతోను వారు పని చేసిరి. 1943లో రేమాండు పూచీ వహించగా నకషిమా కుటుంబమునకు విడుదల కలిగెను. వారు పెన్సిల్వేనియా రాష్ట్రములోని న్యూహోపునకు చేరిరి. అచ్చటనే అతడు తన కర్మశాలను నెలకొల్పెను.

ఆ కర్మశాల నుండి వెలువడిన భోజనపు బల్లలు లోకప్రసిద్ధములు. నకషిమా పెద్ద చెట్టు మానును నిలువున కోయించి, ఆ పలకనే బల్లపైభాగముగా గ్రహించెడివాడు. అంచులను చదరముగా కోయక, చెట్టు పెరిగిన వంకను అట్లే యుంచెడివాడు. పలకలో చీలిక కనబడినచో ఇతరులు దానిని పారవేయుదురు, లేదా రంగు పూసి కప్పుదురు. అతడు చీలికకు అడ్డముగా డమరుకము వలె నడుమ సన్నగా, కొనలయందు వెడల్పుగా నుండు చెక్కబిళ్లను పొదిగెడివాడు. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకను పోలియుండుటచే దానికి ఆ పేరే వచ్చినది. కొనలు వెడల్పగుటచే చీలిక ఇక విడివడలేదు. ఆ బిళ్ల అందము కొఱకు అతికినది కాదు. అది చేయవలసిన పని చేయుచున్నది, చేయుచున్నందుననే అందముగా నున్నది. లోపమును దాచక, దానికి ఊతమిచ్చి, అందరు చూచునట్లుంచుట అతని పద్ధతి.

1964లో నకషిమా మరల భారతదేశమునకు వచ్చి అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో సామగ్రిని రూపొందించెను. 1986లో ఒక మహావృక్షపు నల్ల అక్రోటు పలకలతో గొప్ప బల్లను చేసి, న్యూయార్కులోని ఒక ప్రధాన దేవాలయమున శాంతిచిహ్నముగా నెలకొల్పెను. ప్రతి ఖండమునందును అట్టి బల్ల యొకటి నిలువవలెనని అతని కోరిక. 1990లో అతడు మరణించెను. అతని కుమార్తె ఆ పనిని కొనసాగించెను. 1996లో అట్టి బల్ల యొకటి పుదుచ్చేరి చేరువనున్న ఆరోవిల్లునకు చేరెను. శిబిరమున పసిబిడ్డగా నుండిన బాలికయే ఆ కుమార్తె. అకారణముగా ముండ్లకంచె లోపల ఉంచబడిన కుటుంబము, సకల జాతులవారు చుట్టును కూర్చుండుటకై బల్లను పంచిపెట్టెను.

మంచి బల్లకు ఆదరణ కలుగుట ఎంత కష్టమో తెలిసికొనుటకు మన దేశములోనే మరియొక ఉదాహరణము కలదు. 1947లో దేశవిభజనచే లాహోరు పాకిస్తానునకు చేరగా, పంజాబునకు నూతన రాజధాని కావలసి వచ్చెను. అదియే చండీగఢ్. దాని నిర్మాణమునకై 1951లో లె కొర్బూజియేతో పాటు అతని జ్ఞాతి పియేరు జన్నెరే వచ్చి, 1965 వరకు అచ్చటనే నివసించెను. కార్యాలయములకును, గ్రంథాలయములకును, విద్యాలయములకును వేలకొలది కుర్చీలు, బల్లలు కావలసియుండెను. ధనము స్వల్పము. జన్నెరేయు, అతనితో పని చేసిన భారతీయ శిల్పులును టేకుతోను, పేముతోను స్థానికులైన వడ్రంగులు చేయదగిన నమూనాలను సిద్ధపరచిరి. వృత్తలేఖిని వలె తెరచిన కాళ్లు వానికి గుర్తు.

కొన్ని దశాబ్దములు గడచిన పిదప ఆ సామగ్రి పాతబడెను. దాని విలువ నెఱుగనివారు దానిని మేడలపైనను, పెరళ్లలోను గుట్టలుగా పోసిరి. పనికిరాని కఱ్ఱగా వేలము వేసిరి. విదేశీ వర్తకులు కొద్ది ధరకు కొని, బాగుచేయించి, ఐరోపా అమెరికాలలోని వేలములలో లక్షల రూపాయల వెలకు అమ్మిరి. 2011లో కేంద్ర హోంమంత్రిత్వశాఖ అట్టి వారసత్వ సామగ్రిని అమ్మరాదనియు, విదేశములకు పంపరాదనియు ఉత్తర్వు చేసెను. 2017లో జన్నెరే నివసించిన ఇల్లు ప్రదర్శనశాలగా తెరువబడెను. కాని అప్పటికే పోయినవి పోయెను. ఆ బల్లలను కాపాడుటకు గొప్ప ధనము అక్కరలేకుండెను. ఊగుచున్న కాలికి ఒక కొత్త కుసియు, చినిగిన పేముకు ఒక అల్లికయు, అన్నింటికి మించి చూచి గుర్తించు కన్నును చాలియుండెను.

జూబిలీహిల్సులో నేడు బల్లలును కుర్చీలును అమ్ము దుకాణములు పెక్కు గలవు. అందు వేల రూపాయల వస్తువులు గలవు. లక్షల రూపాయల వస్తువులును గలవు. వెల చీటీని చూచి బల్లను ఎంచుట తెలివి కాదు. మెఱుగు చూచి ఎంచుటయు తెలివి కాదు. వంగి పలక క్రిందికి చూడవలయును. కాలును పట్టెయు ఎట్లు కలిసినవో చూడవలయును. అంచుపై చేయి మోపి ప్రక్కకు త్రోసి, అది ఎంత ఊగునో గమనింపవలయును. పలక కదలుటకు చోటున్నదా యని విచారింపవలయును. ఈ పరీక్ష దుకాణములోని ఖరీదైన బల్లకును, తాతలనాటి నుండి ఇంటిలో నున్న పాతబల్లకును, పాఠశాలలో విద్యార్థి ముందున్న బల్లకును సమానమే. పరీక్షకు నిలిచినది ఏ పేరు లేని వడ్రంగి చేసినదైనను ఆదరింపదగినది. దాని కాలు వదులైనచో బిగింపవలయునే గాని దానిని పొయ్యిపాలు చేయరాదు.